మన చరిత్ర మనమే రాసుకుందాం – 7 : మిగిలిన సీటు



పోయిన వారం చిత్తూరు నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, ఏడాది డ్యూటీ కూడా చేసింది. ఎమ్మెస్సీ కౌన్సెలింగ్‌కు పోతోంది. "అక్కా, నా ర్యాంకుకు సైకియాట్రీ ఒక్కటే మిగిలేట్టు ఉండాది. తీసుకోమంటావా, వద్దంటావా? మా ఇంట్లో పిచ్చోళ్ళ నర్సు అయితే నిన్నెవురు చేసుకుంటారు అంటా ఉండారు" అని అడిగింది.

రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు. 2008లో నాకూ సరిగ్గా అదే సీటు మిగిలింది. ఈ సిరీస్ మొదలుపెట్టి ఆరు భాగాలు రాశాను. మంత్రసానుల గురించి రాశాను, మిషన్ ఆసుపత్రుల గురించి రాశాను. నేను చేసిన పని గురించి మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో చివర్లో చెప్తాను. ముందు ఆ సీటు మన దాకా ఎట్లా వచ్చిందో చూద్దాం.

*

మన పల్లెల్లో బొడ్డు కోసింది, మాయ పూడ్చింది, బాలింతకు నీళ్ళు పోసింది మంగలి, మాల, మాదిగ ఆడవాళ్ళు. కూలి అంటే నాలుగు గింజలు, ఒక పాత చీర. రక్తం, మలం, చీము ముట్టుకోవడం మైల అన్నారు కాబట్టి ఆ పని మనకు వదిలారు. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. రిజిస్టరు, సర్టిఫికెట్ అనేవి ఈ పనిలోకి చట్టబద్ధంగా వచ్చాయి. పని తెలిసిన మా అవ్వలకు అక్షరం తెలియదు. రిజిస్టరు వాళ్ళ కోసం పుట్టింది కాదు.

అక్షరం మిషన్ ఆసుపత్రుల దారిలో వచ్చింది. చిత్తూరు 1911 ఏప్రిల్ 1న జిల్లా అయ్యింది. అంతకుముందు చిత్తూరు పట్నమే ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. అంటే వేలూరు మనకు పరాయి ఊరు కాదు, ఒకే జిల్లా. అక్కడ ఐడా స్కడ్డర్ 1900లో వైద్యం మొదలుపెట్టి, 1909లో నర్సుల శిక్షణ కూడా ప్రారంభించింది. ఇటు గుంటూరులో అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచింది. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1915లో ఆ ఊరి దగ్గరే ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వచ్చాయి. క్షయ రోగి దగ్గరికి సొంత అన్నదమ్ములే పోని రోజులవి. ఆ గళ్ళ గిన్నెలు కడగడానికి, ఆ పక్కలు మార్చడానికి ఎవరు వచ్చారు? ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు, కేరళ క్రైస్తవులు, మన పల్లెల నుంచి మతం మారిన ఇళ్ళ ఆడపిల్లలు.

1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43,000 మందికి ఒక నర్సు తేలింది. ఆ లెక్క చదివిన వాళ్ళంతా డబ్బు లేదు, కాలేజీలు లేవు అని కారణాలు చెప్పారు. అవి నిజమే. కానీ ఇంకొకరి ఒంటిని ముట్టుకుంటే అంటు అని నమ్మే సమాజంలో నర్సులు ఎక్కడి నుంచి పుడతారు అనే ప్రశ్న కూడా అడగాలి. అదే 1946లో వేలూరులో, ఢిల్లీలో నర్సింగ్ డిగ్రీ మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. పనికి డిగ్రీ వచ్చింది, జీతం వచ్చింది, తెల్ల యూనిఫారం వచ్చింది. 1990ల చివరికి గల్ఫ్, ఇంగ్లండ్, ఐర్లండ్ పిలుపులూ వచ్చాయి. అప్పుడు మాత్రం అన్ని కులాల ఇళ్ళ నుంచీ ఆడపిల్లలు నర్సింగ్‌కు బయల్దేరారు. రావాలి, తప్పు లేదు. అయితే వచ్చినప్పుడు కులాన్ని గేటు బయట విడిచి రాలేదు.

*

మాది పుత్తూరుకు అవతల ఒక అరుంధతివాడ. మా నాయన మామిడి తోటలో కావిలి ఉండేవాడు. అమ్మ చెనక్కాయలు ఒలిచే కూలికి పోయేది. నేను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివి, ఇంటర్ బైపీసీ ముగించి, 2002లో బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను. అప్పుడు ఏ, బి, సి, డి వర్గీకరణ అమల్లో ఉండింది. మా వాడ నుంచి డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటి ఆడపిల్లను నేనే. 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వర్గీకరణను కొట్టేసింది. మళ్ళీ 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చేసుకోవచ్చు అంది. మధ్యలో పోయిన ఇరవై ఏళ్ళలో ఎంతమంది పిల్లలు ఆ మెట్టు దగ్గరే ఆగిపోయారో ఆలోచించండి. నా ఫీజు కట్టింది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. అది 1944లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడుగా ఉన్న రోజుల్లో మొదలైన పథకం. బాబాసాహెబ్ మనకు ఏమిచ్చాడని అడిగే వాళ్ళకు నేను నా బీఎస్సీ సర్టిఫికెట్ చూపిస్తాను.

కాలేజీ పేరు రాయను. మొదటి ఏడాది వార్డు డ్యూటీలో ఒక పెద్దాయనకు బెడ్‌పాన్ పెట్టాలి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ముక్కు మూసుకుని వెనక్కు జరిగింది. మాతో ఉన్న ట్యూటర్ నా వైపు చూసి, "నువ్వు పెట్టమ్మా, నీకు అలవాటే కదా" అంది. నాకేం అలవాటు? అప్పటిదాకా నేనూ ఎవరికీ బెడ్‌పాన్ పెట్టలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లను. కానీ నా చేతులు ముందుకు పోయాయి. ఆ రాత్రి నుంచి హాస్టల్లో ఎవరైనా మీ ఊరేది అంటే "తిరుపతి" అనడం నేర్చుకున్నాను. పుత్తూరు అంటే ఏ వీధి అంటారు. వీధి చెప్తే వాడ తెలుస్తుంది. తిరుపతి పెద్ద ఊరు, అందులో ఎవరైనా దాక్కోవచ్చు.

డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకున్నారు. ఎమ్మెస్సీకి దరఖాస్తు చేస్తానంటే వాటిని విడిపించుకోడానికి నాలుగు నెలలు తిరిగాను. నర్సింగ్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది గుర్తు పెట్టుకోండి. ఎమ్మెస్సీ నర్సింగ్‌కు బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం కావాలి. మార్కులు 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు అందులో 5 శాతం సడలింపు. మార్కులు ఉండీ అనుభవం సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయిన మన పిల్లలను నేను చూశాను. చేరిన రోజు నుంచే అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం చీటీలు దాచుకోండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సులు ఇవ్వండి.

2008 కౌన్సెలింగ్‌కు విజయవాడ పోయాను. ఎమ్మెస్సీలో అయిదు విభాగాలు: మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లలు, కమ్యూనిటీ, సైకియాట్రీ. నా కళ్ళ ముందే ఒక్కొక్కటే నిండిపోయింది. నా వంతు వచ్చేసరికి సైకియాట్రీ మిగిలింది. నా ముందు ఇద్దరు అదే సీటు వద్దని, వచ్చే ఏడు చూసుకుంటామని లేచి పోయారు. కులం ఒక్కటే కారణమని నేను అనను. పిచ్చి అంటే భయం, ఉద్యోగాలు తక్కువ, పెళ్ళి సంబంధాలు చెడిపోతాయనే మాట, అన్నీ ఉన్నాయి. కానీ వచ్చే ఏడు చూసుకుందాం అని లేచి పోవడానికి ఇంట్లో ఒక ఏడాది తిండి ఉండాలి. నాకు లేదు. సంతకం పెట్టాను. ఆ వరసలో నా తర్వాత సంతకం పెట్టింది ఒక ఎరుకల అమ్మాయి.

*

మన ప్రాంతంలో మనసుకు జబ్బు చేస్తే జనం ఎక్కడికి పోయారు? మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్ళూ దగ్గర్లో ఉన్న పిచ్చాసుపత్రి కీల్పాక్‌ది. అది 1871 నాటిది. తిరుపతి నుంచి నూట నలభై కిలోమీటర్లు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు అటు పోయింది. మనకు సర్కారు మానసిక ఆసుపత్రి అంటే విశాఖపట్నం. తిరుపతి నుంచి ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. 1956 తర్వాత హైదరాబాదు ఎర్రగడ్డ కూడా మనదే అయ్యింది. 2014లో అదీ తెలంగాణకు పోయింది. రాష్ట్రాలు ఎన్నిసార్లు విడిపోయినా, కలిసినా, పుత్తూరు వాడలో ఉన్న ఒక పిచ్చితల్లికి ఆసుపత్రి దగ్గర కాలేదు.

డబ్బు, తెలివిడి ఉన్నవాళ్ళు వేలూరు పోయారు. అక్కడ బాగాయంలో 1957 నుంచి మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. రోగితో పాటు ఇంటి మనిషి కూడా ఉండే పద్ధతి వాళ్ళది. బెంగళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది, అదే 1974లో నిమ్‌హాన్స్ అయ్యింది. మన దేశంలో సైకియాట్రిక్ నర్సులను ప్రత్యేకంగా తయారుచేసిన తొలి చోట్లలో అదొకటి. మదనపల్లె, పలమనేరు, కుప్పం జనానికి బెంగళూరే దగ్గర. ఏమీ లేనివాళ్ళు షోళింగర్ కొండకు, కసుమూరు దర్గాకు పోయారు. పోయారని నవ్వే హక్కు మనకు లేదు. చేరదీసే చోటు ఇంకొకటి చూపించి అప్పుడు నవ్వాలి. 2015–16లో నిమ్‌హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. ఆంధ్రప్రదేశ్ ఆ 12లో లేదు. జబ్బు మనదే, లెక్కలో మాత్రం మనం లేము.

*

ఎమ్మెస్సీ అయ్యాక ఒక ఆసుపత్రి మానసిక విభాగంలో స్టాఫ్ నర్సుగా చేరాను. పేరు రాయను.

సైకియాట్రీ నర్సు అంటే సూది వేసి కట్టేసే మనిషి అని సినిమాలు నేర్పాయి. అసలు పనిలో సగం చూడటం, వినటం. మాత్ర మింగాడా, నాలుక కింద దాచుకున్నాడా చూడాలి. హాలోపెరిడాల్ పడ్డాక మెడ బిగుసుకుంటోందా, కళ్ళు పైకి పోతున్నాయా గమనించాలి. లిథియం తీసుకునే మనిషి రక్తంలో ఆ మందు మోతాదు ఒక గీత దాటితే విషమవుతుంది. మే నెల తిరుపతి ఎండలో చెమటపట్టి, నీళ్ళు తాగక, వాంతులు మొదలైతే ఆ గీత ఇట్టే దాటుతుంది. చేతులు వణుకుతున్నాయని, మాట తడబడుతోందని ముందు కనిపెట్టేది డాక్టరు కాదు, పొద్దున్నే పలకరించే నర్సు.

చేరిన రెండో నెలలో ఒకామెను తెచ్చారు. పెద్దమ్మ అని పిలిచేదాన్ని, ఇక్కడా అట్లే రాస్తాను. నలభై అయిదేళ్ళు ఉంటాయి. తమ్ముడు తీసుకొచ్చాడు. కుడి కాలి చీలమండ చుట్టూ నల్లటి గీత, గొలుసు రాసుకున్న గుర్తు. తమ్ముడు సిగ్గుతో తల వంచుకున్నాడు. "కూలికి పోతే ఇంట్లో చూసేవాళ్ళు లేరు మేడమ్. బావిలో పడతాదేమోనని కట్టేసినా" అన్నాడు.

పెద్దమ్మ నీళ్ళు తాగదు. "నీళ్ళల్లో మందు కలిపినారు, నన్ను చంపేదానికి వస్తా ఉండారు" అంటుంది. ఫ్యాన్‌లోంచి చచ్చిపోయిన వాళ్ళమ్మ మాట్లాడుతోందని కూడా అంటుంది. నేను కేస్ షీటులో నా వంతు రాశాను: ఎవరో చంపబోతున్నారనే భ్రమ. పుస్తకంలో భ్రమకు నిర్వచనం ఉంది. నిజం కానిది, ఎంత చెప్పినా వదలనిది, ఆ మనిషి సమాజంలోని మిగతావాళ్ళు నమ్మనిది. పరీక్షలో నేను ఆ జవాబుకు పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

పది రోజుల తర్వాత నైట్ డ్యూటీలో తమ్ముడు వార్డు మెట్ల మీద కూర్చుని ఉంటే మాట కలిపాను. వాళ్ళకు ఎకరా ఇరవై సెంట్ల డీకేటీ పట్టా ఉంది. పక్క పొలం ఆసామికి అది కావాలి. రెండేళ్ళుగా గొడవ. ఒక రాత్రి వాళ్ళ తొట్టి నీళ్ళల్లో ఎవరో పురుగుల మందు పోశారు. తెల్లారి రెండు గొర్రెలు చచ్చి పడున్నాయి. స్టేషనుకు పోతే కేసు రాయలేదు. "అప్పుటి నుంచీ అక్క నీళ్ళు చూస్తే భయపడతాది" అన్నాడు.

ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. ఫ్యాన్‌లో అమ్మ గొంతు జబ్బే. దానికి మందు కావాలి, మందు పనిచేసింది కూడా. కానీ నీళ్ళలో మందు కలిపారన్నది జరిగిన సంగతి. నేను దాన్ని భ్రమ అని రాశాను. "సమాజంలోని మిగతావాళ్ళు నమ్మనిది" అన్నప్పుడు ఏ సమాజం? ఊరిని అడిగితే అట్లాంటిదేమీ జరగలేదంటుంది. వాడను అడిగితే జరిగిందంటుంది. కేస్ షీటులో ఊరు, వయసు, మతం, ఆదాయం అన్నిటికీ గడులు ఉన్నాయి. ఆ మనిషి మీద ఊరు ఏం చేసిందో రాసే గడి లేదు. వాడలో పుట్టిన నేను కూడా ఆ ప్రశ్న అడగలేదు, పుస్తకం అడగమన్నవే అడిగాను.

పొద్దున్న డాక్టరుగారికి చెప్పాను. ఆయన విని, "రాయండి సిస్టర్, అంతా రాయండి" అన్నారు. రాశాను. తర్వాత కుండలోంచి ఒక చెంబు నీళ్ళు ముంచి, పెద్దమ్మ ముందు కూర్చుని, ఆమె చెంబులోనే సగం నేను తాగి ఆమెకిచ్చాను. చాలాసేపు చూసింది. తాగింది. అట్లా వారం రోజులు, ప్రతి పూటా, ముందు నేను, తర్వాత ఆమె.

ఒకరోజు తల దువ్వుతుంటే అడిగింది. "మే పాపా, నీది ఏ వాడ?"

పక్కన ఇంకో స్టాఫ్ ఉంది. నా నోరు దానంతటదే, "తిరుపతే పెద్దమ్మా" అంది.

పెద్దమ్మ నవ్వింది. "నా చెంబులో నీళ్ళు తాగితివి కదా. నాకు తెల్సులే మే."

పిచ్చిది అని తెచ్చిన మనిషి నన్ను అంత సులభంగా గుర్తుపట్టింది. చదువుకున్న నేను మాత్రం ఆమె ముందు దాక్కున్నాను. ఆరు వారాలకు ఆమె ఇంటికి పోయింది. మూడుసార్లు మందులకు వచ్చింది. తర్వాత రాలేదు. ఆ ఎకరా ఇరవై సెంట్లు ఏమైందో నాకు తెలియదు. ఆరు భాగాలు రాసి ఈ భాగం రాయలేకపోయింది అందుకే. "తిరుపతే పెద్దమ్మా" అన్న నా మాట దగ్గరే చెయ్యి ఆగిపోయేది.

*

1991 ఆగస్టు 6 అంటే మనందరికీ చుండూరు గుర్తొస్తుంది. సరిగ్గా పదేళ్ళకు, 2001 ఆగస్టు 6న, తమిళనాడు ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పరుగెత్తలేక కాలిపోయారు. ఆ తేదీని కూడా మన క్యాలెండర్లో రాసుకోవాలి. కట్టేసిన మనుషుల చరిత్ర కూడా మన చరిత్రే.

ఏర్వాడి తర్వాత కోర్టులు కదిలాయి, చట్టం మారడానికి ఇంకా పదహారేళ్ళు పట్టింది. 1912 నాటి లూనసీ చట్టం పోయి 1987 చట్టం, అది పోయి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. నర్సులూ, ఉద్యమకారులూ ఇద్దరూ ఈ చట్టం చదవాలి. 95వ సెక్షన్ ప్రకారం ఎవరినీ ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదు. 97 ప్రకారం ఒంటరి గదిలో బంధించకూడదు. చేతులు కట్టక తప్పని పరిస్థితి వస్తే సైకియాట్రిస్ట్ అనుమతి ఉండాలి, కారణం రాయాలి, 24 గంటల్లోపు రోగి ప్రతినిధికి చెప్పాలి. 18వ సెక్షన్ వైద్యంలో వివక్ష ఉండకూడదంటూ కులం అనే మాటను పేరుపెట్టి రాసింది. 3వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ఒక మనిషి సామాజిక స్థాయిని బట్టి గానీ, వాళ్ళ సమాజపు కట్టుబాట్లకు లొంగలేదని గానీ మానసిక రోగి అని తేల్చకూడదు.

2016 జనవరి 17న రోహిత్ వేముల పోయినప్పుడు ఆ చావును డిప్రెషన్ అనే ఒక్క మాటలో చుట్టేయాలని చూసినవాళ్ళు ఉన్నారు. మనలో కొందరు దానికి విరుగుడుగా, మనకు డిప్రెషన్ లేదు, ఉన్నదంతా వివక్షే అన్నారు. రెండూ సరికాదని నాకు పెద్దమ్మ నేర్పింది. గొంతులు వినపడటం జబ్బు, దానికి మందు ఉంది, సిగ్గుపడకుండా వేసుకోవాలి. నీళ్ళల్లో మందు కలపడం నేరం, దానికి కేసు ఉంది, భయపడకుండా పెట్టాలి. మందు ఇచ్చి కేసు వదిలేస్తే ఆమె మళ్ళీ అదే తొట్టి దగ్గరికి పోతుంది. కేసు పెట్టి మందు మానేస్తే కోర్టు మెట్లెక్కే శక్తి ఆమెకు ఉండదు.

ఇక చెల్లెమ్మా, నీ ప్రశ్నకు జవాబు. ఆ సీటు తీసుకో. వేరే దిక్కు లేక తీసుకున్నానని మాత్రం అనుకోవద్దు. జిల్లాలకు మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది, అందులో నర్సులు కావాలి. మన తెలుగు, మన వాడ మాట అర్థమయ్యే నర్సులు ఇంకా ఎక్కువ కావాలి. పుస్తకంలో ఉన్నదంతా నేర్చుకో, మందుల మోతాదులు తప్పు లేకుండా నేర్చుకో. దాంతో పాటు కేస్ షీటులో గడి లేని ప్రశ్న కూడా అడుగు. ఎవరైనా నీది ఏ వాడ అంటే చెప్పు. పద్దెనిమిదేళ్ళప్పుడు నాకు ఆ ధైర్యం లేదు, ఇరవై ఆరేళ్ళకూ లేదు. మాది పుత్తూరు అవతల అరుంధతివాడ అని ఈ రోజు అందరి ముందూ రాస్తున్నాను పెద్దమ్మా.

వచ్చే భాగంలో ఆరోగ్యవరం శానిటోరియంలో పనిచేసిన మన ఇళ్ళ మనుషుల గురించి రాస్తాను. మీ ఇంట్లో అవ్వలు, తాతలు ఎవరైనా అక్కడ పనిచేసి ఉంటే వాళ్ళు చెప్పింది రాసి పంపండి.

జై భీమ్.